పని కాంట్రాక్టర్‌కి ఇచ్చారు, దాన్ని చూసే పని ఎవరికి ఇచ్చారు?

ప్రభుత్వ పనులు కాంట్రాక్టుకిచ్చి చేయించే ఇంజినీర్లకు, ఆసుపత్రుల్లో హాస్టళ్లలో ఏజెన్సీల ద్వారా మనుషుల్ని పెట్టుకునే అధికారులకు, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి నమస్కారం.

ఇందులో రాసేవన్నీ ఇంతకుముందే మరాఠీలో రాసి మీకు ఇచ్చినవే. ఆవక్ నంబర్ (అందినట్టు వేసే నంబర్) వేసి స్టాంపు కొట్టిన కాపీలు మా దగ్గర ఉన్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వ ఆపలే సర్కార్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే 'సంబంధిత విభాగానికి పంపించాం' అని ఒక్క వాక్యం వచ్చింది, దాంతో అక్కడ ఫిర్యాదు ముగిసినట్టు చూపిస్తోంది. ఆ విభాగం నుంచి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. మా జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని అంత దూరం వెళ్లి 'సాహెబ్ మీటింగ్‌లో ఉన్నారు' అనిపించుకుని తిరిగొచ్చే స్తోమత అందరికీ లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా, మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నాను.

నేను కొన్నేళ్లు గోదావరి అవతల కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. ఇప్పుడు ఊళ్లో హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్నాను. ఒక పనికి ఎంత సిమెంటు పడుతుందో, స్లాబ్ పోసేటప్పుడు ఎక్కడ మిగుల్చుకుంటారో నాకు తెలుసు. కాంట్రాక్టర్లను తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. మంచిగా చేసేవాళ్లను చూశాను. ఎస్టిమేట్ కంటే బాగా తక్కువకు కోట్ చేసేవాళ్లతో పోటీ పడలేక వాళ్లే ముందు పక్కకు పోతున్నారు. బిల్లులు నెలల తరబడి రాక 2025లో మహారాష్ట్ర అంతటా కాంట్రాక్టర్లే రోడ్డెక్కారని మీకూ తెలుసు. కాబట్టి తప్పంతా వాళ్లదే అనడం లేదు. మేం అడుగుతున్నది మీ గురించి. అగ్రిమెంట్ మీద కాంట్రాక్టర్ సంతకం ఒకవైపు ఉంటే రెండోవైపు ఉన్నది మీ సంతకం. ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసేది మీరు, బిల్లు పాస్ చేసేది మీరు, పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చేది మీరు, డిపాజిట్ వాపసు ఇచ్చేది కూడా మీరే. పెళ్లి వంటలు కాంట్రాక్టుకిచ్చినా అన్నం ఉడికిందో లేదో చూసుకునేది ఇంటివాళ్లే కదా.

మా దగ్గర ఏం జరిగిందో చెప్తాను. ఏ ఆఫీసు, ఏ ఏజెన్సీ అన్నది ఇక్కడ రాయడం లేదు, మీకిచ్చిన దరఖాస్తుల్లో అన్నీ ఉన్నాయి.

మొదటిది ఆడపిల్లల హాస్టల్. కొత్త బిల్డింగ్, రంగులు వేసి రిబ్బన్ కట్ చేసి అప్పగించారు. మొదటి వానాకాలంలోనే రెండు గదుల్లో స్లాబ్ నుంచి నీళ్లు కారాయి. పిల్లలు ట్రంకు పెట్టెలు, పరుపులు వరండాలోకి లాక్కుని పడుకున్నారు. వార్డెన్ రాసింది, తల్లిదండ్రులు రాశారు, మేమూ రాశాం. అప్పటికి ఆ బిల్డింగ్ డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్‌లోనే ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: పని అయిపోయాక కూడా అగ్రిమెంట్‌లో రాసినన్ని నెలలో, సంవత్సరాలో, ఏ లోపం బయటపడినా కాంట్రాక్టర్ తన ఖర్చుతోనే బాగు చేయాలి. అందుకోసమే అతని డబ్బులో కొంత సెక్యూరిటీ డిపాజిట్‌గా ఆఫీసు దగ్గర పెట్టుకుంటారు. నోటీసు ఇచ్చినా అతను రాకపోతే ఆ డబ్బుతో వేరేవాళ్ల చేత చేయించే హక్కు కూడా ఆఫీసుకే ఉంటుంది. అంటే ప్రభుత్వం కొత్తగా ఒక్క రూపాయి పెట్టనక్కర్లేదు, ఒక నోటీసు పంపితే చాలు. ఆ నోటీసు వెళ్లలేదు. రెండో వానాకాలం కూడా అలాగే గడిచింది. తర్వాత సమాచార హక్కు కింద అడిగితే వచ్చిన కాగితాల్లో, గడువు ముగిసిందనీ, లోపాలేవీ లేవనీ, డిపాజిట్ విడుదల చేశామనీ ఉంది. ఇప్పుడు అడిగితే రిపేరుకు కొత్త ఎస్టిమేట్ వేయాలి, నిధులు రావాలి అంటున్నారు. పెచ్చులు ఊడుతున్న గదికి తాళం వేశారు. ఆ గదిలో ఉండాల్సిన పిల్లలు మిగతా గదుల్లో ఇరుక్కుని ఉంటున్నారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఆ పిల్లలు ఈ ఏడాది మిరపకాయలు కోయడానికి తల్లులతో పాటు తెలంగాణ వైపు వెళ్లారు. ఎవరైనా ఒక పూట వచ్చి ఆ స్లాబ్ చూసి ఉంటే ఇది జరిగేది కాదు.

రెండోది ఊళ్లో సిమెంటు రోడ్డు. మే నెలలో పోశారు. మా దగ్గర మే ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కాంక్రీటుకు కనీసం ఏడు రోజులు, వేడి పొడి వాతావరణంలో పది రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456లోనే ఉంది. గోనెసంచులు రెండు రోజులు తడిపారు, మూడోరోజు నీళ్ల ట్యాంకర్ రాలేదు. డ్రమ్ములో నీళ్లు ఎక్కువ కలిపితే పోయడం సులువు, కూలీ ఖర్చు తగ్గుతుంది, కానీ బలం పోతుంది. ఇది ఏ మేస్త్రీకైనా తెలుసు. పోసేటప్పుడు ఇంజినీర్ ఎవరూ లేరు. బలం పరీక్షించడానికి కాంక్రీటుతో నింపే క్యూబ్‌లు తీసినట్టు మేం చూడలేదు, రిపోర్టు మాత్రం ఫైల్‌లో ఉండే ఉంటుంది. ఆ రోడ్డు ఇంకా కొత్తగా ఉండగానే ఇంకో కాంట్రాక్టర్ నల్లా పైపుల కోసం నడిమధ్య తవ్వి, మట్టి కప్పి వెళ్లిపోయాడు. తవ్విన రోడ్డును మళ్లీ మొదటిలా చేయడం కూడా ఆ పనిలో భాగమే, దానికీ ఎస్టిమేట్‌లో డబ్బు ఉంటుంది. వాన పడితే ఆ కాలువలో ఆటోలు దిగబడుతున్నాయి. నెలలు నిండినవాళ్లను మెయిన్ రోడ్డు దాకా నడిపించుకుని తీసుకెళ్తున్నారు. ముసలివాళ్లు రాత్రిపూట బయటకు రావడం మానేశారు.

మూడోది ఆసుపత్రిలో ఊడ్చే, తుడిచే ఆడవాళ్ల సంగతి. వీళ్లను పెట్టింది ఏజెన్సీ. ఆ ఏజెన్సీ ఆఫీసు ఎక్కడో దూరంగా సిటీలో ఉంది, ఇక్కడి సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తడు. నెలల తరబడి జీతం రాలేదు. ఏజెన్సీని అడిగితే 'ప్రభుత్వం నుంచి బిల్లు రాలేదు' అంటుంది, ఆఫీసులో అడిగితే 'మీరు మా ఉద్యోగులు కాదు, ఏజెన్సీని అడగండి' అంటారు. ఈ రెండు మాటల మధ్య వాళ్లు కిరాణా షాపుల్లో అప్పు పెంచుకుంటూ పోతున్నారు. ఒకామె చెవి దిద్దులు తాకట్టు పెట్టి కొడుకు ఫీజు కట్టింది. అయినా పొద్దున్నే వచ్చి ప్రసూతి వార్డు శుభ్రం చేసి వెళ్తున్నారు, ఎందుకంటే మానేస్తే పాత నెలల జీతం కూడా రాదని భయం. పీఎఫ్ పేరుతో జీతంలో 12 శాతం కోస్తున్నారు, ఏజెన్సీ తన వాటాగా ఇంకో 12 శాతం కలిపి కట్టాలి. ఒకామె మనవడు ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచి చూస్తే చాలా నెలలు ఖాళీగా ఉన్నాయి.

ఏజెన్సీ మనుషులు మా బాధ్యత కాదన్నది చట్టం ఒప్పుకునే మాట కాదు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించి, ఆ మొత్తం ఏజెన్సీ బిల్లులో కోసుకోవాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఆ బాధ్యత ఉంది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి. పీఎఫ్ విషయంలో కూడా ప్రధాన యజమానే, అంటే పని చేయించుకున్న సంస్థే, చివరికి జవాబుదారీ. ఇవి మీకు తెలియక కాదు, ఎవరూ గట్టిగా అడగలేదు కాబట్టి నడిచిపోతోంది.

ఇవి మా ఒక్క ఊరి సంగతులు అనుకోకండి. మేడిగడ్డ బరాజ్ మాకు ఎంత దగ్గరో తెలుసు కదా, దాని ఒక చివర మా సిరొంచ తాలూకా ఒడ్డునే ఉంది. 2019 జూన్‌లో ప్రారంభించారు, 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగాయి. నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులు చూసి ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యత తనిఖీలో, నిర్వహణలో లోపాలున్నాయని రాశారు. ఆ తర్వాత వాదన దేని మీద మొదలైందో గుర్తు చేసుకోండి: పని పూర్తయిందన్న సర్టిఫికెట్ ఎలా ఇచ్చారు, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ముగిసిందా లేదా, రిపేరు ఖర్చు ఎవరిది. అంత పెద్ద ప్రాజెక్టులో వచ్చిన ప్రశ్నలూ మా హాస్టల్ స్లాబ్ దగ్గర వచ్చిన ప్రశ్నలూ ఒకటే. పెద్ద పని కాబట్టి దానికి కమిషన్ వేశారు, విచారణ జరిగింది. మా స్లాబ్ కోసం ఎవరూ కమిషన్ వేయరు. ఇక్కడ ముందుగా చూసుకోవడం ఒక్కటే దారి.

ఒక మాట మీ వైపు నుంచి కూడా చెప్పాలి. ఒక్క జేఈ (జూనియర్ ఇంజినీర్) మీద ఎన్నో ఊళ్ల పనులు వేస్తున్నారని, మా వైపు పోస్టింగ్ అంటే రావడానికి ఇష్టపడక ఖాళీలు అలాగే ఉంటున్నాయని మాకు తెలుసు. ఒకేరోజు మూడు చోట్ల కాంక్రీటు పోస్తుంటే ఆయన ఎక్కడని నిలబడతాడు? ఆ ఇబ్బంది ఉన్నప్పుడు ఊరివాళ్ల కళ్లను వాడుకోండి అనే మేం అడుగుతున్నాం. మేం రోజూ ఆ రోడ్డు మీదే నడుస్తాం, ఏ రోజు ట్యాంకర్ రాలేదో మాకు తెలుసు. కానీ ఎంత మందం పోయాలో, గడువు ఎప్పటిదాకా ఉందో మాకు ఎవరూ చెప్పరు, చెప్పకపోతే ఏం చూసి అడగాలి?

మా డిమాండ్లు ఇవి.

1. పని మొదలైన రోజే సైట్ దగ్గర బోర్డు పెట్టాలి, మరాఠీతో పాటు తెలుగులో కూడా. టెండర్ మొత్తం, కాంట్రాక్టర్ పేరు, బాధ్యుడైన ఇంజినీర్ పేరు, ఆఫీసు ఫోన్ నంబర్, మొదలుపెట్టిన తేదీ, పూర్తి కావాల్సిన తేదీ, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఏ తేదీన ముగుస్తుందో ఆ తేదీ ఉండాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఏ పొరలో ఎంత మెటీరియల్ వేశారో స్థానిక భాషలో, మామూలు మనిషికి అర్థమయ్యేలా బోర్డు మీద రాయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. మిగతా పనులకు అదే పద్ధతి పెట్టడానికి అడ్డేమిటి?

2. స్లాబ్ గానీ రోడ్డు గానీ పోసే రోజు జేఈ సైట్‌లో ఉండాలి, క్యూబ్‌లు ఊరివాళ్ల ఎదుటే నింపాలి, 28 రోజుల రిజల్ట్ వచ్చాక కాపీ గ్రామపంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. జేఈ రాలేని రోజు పోయడం ఆపాలి. ఒకరోజు ఆలస్యమైనా మాకు ఫర్వాలేదు. ఖాళీగా ఉన్న పోస్టులు నింపమని మీరు పైకి రాసే లేఖకు మద్దతుగా గ్రామసభ తీర్మానం ఇవ్వడానికి మేం సిద్ధం.

3. ఇది మాకు అన్నిటికంటే ముఖ్యం. మీ దగ్గర డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఇంకా ముగియని పనులన్నిటికీ ఒక జాబితా తయారుచేసి, ఏ పని గడువు ఏ తేదీన ముగుస్తుందో తాలూకా స్థాయిలో అందరికీ కనిపించేలా పెట్టండి. ప్రతి వానాకాలం తర్వాత ఒకసారి, గడువు ముగియడానికి రెండు నెలల ముందు ఇంకోసారి, ఇంజినీర్, కాంట్రాక్టర్, బిల్డింగ్ వాడుకునేవాళ్లు, గ్రామసభ నుంచి ఇద్దరు కలిసి పని చూడాలి. వార్డెన్, హెడ్మాస్టర్, నర్సు లాంటి వాడుకునేవాళ్ల సంతకం లేకుండా 'లోపాలు లేవు' అన్న సర్టిఫికెట్ చెల్లకూడదు. వానలో కారే స్లాబ్‌ను ఎండాకాలంలో చూసి బాగుందని రాస్తే ఎలా? గడువులోపు ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఉంటే, అది తేలేదాకా డిపాజిట్ ఆపాలి. మా హాస్టల్ విషయంలో ఫిర్యాదులు పెండింగ్‌లో ఉండగా ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసింది ఎవరో తేల్చి, ఆ రిపేరు ఖర్చు ఎవరి నుంచి వసూలు చేస్తారో మాకు రాతపూర్వకంగా చెప్పండి. ఈలోగా వానలకు ముందే పైకప్పు మీద వాటర్‌ప్రూఫింగ్ అయినా చేయించండి, పిల్లలు ఎవరి డబ్బు అని చూసుకుంటూ తడవలేరు.

4. తవ్విన రోడ్డు మళ్లీ వేసి, దాని మీద మనుషులు నడిచాకే ఆ భాగం ఎంబీలో ఎక్కాలి.

5. ఏజెన్సీ కార్మికుల విషయంలో ఏజెన్సీ బిల్లు పాస్ చేసే ముందు మూడు కాగితాలు చూడండి: గత నెల జీతం ఒక్కొక్కరి బ్యాంకు ఖాతాలో పడిన వివరం, పీఎఫ్ చలాన్, ఆ చలాన్ వెంట ఉండే పేర్ల జాబితా. ఒట్టి చలాన్ చూసి వదిలేయకండి. వేరే ఊళ్లో వేరే సైట్ మనుషులకు కట్టిన చలాన్ జిరాక్స్ తెచ్చి పెట్టడం కష్టమేమీ కాదు, పేర్లు చూస్తేనే మన మనుషులకు కట్టారో లేదో తెలుస్తుంది. ఇప్పుడు బాకీ ఉన్న నెలల జీతాలు మీరే నేరుగా చెల్లించి ఏజెన్సీ బిల్లులో కోసుకోండి. అడిగినందుకు ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. ఏజెన్సీ మారినా పాతవాళ్లనే కొనసాగించాలి.

6. టెండర్ ఒకరి పేరు మీద, పని ఇంకొకరిది, అక్కడ ఉండేది మూడో మనిషి పెట్టిన ముకద్దమ్ (కూలీల మేస్త్రీ). ప్రతి చేతి దగ్గరా కొంత తగ్గి చివరికి మిగిలిన డబ్బులోనే సిమెంటు, ఇనుము, కూలి అన్నీ రావాలి. అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదని అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. ఆ షరతును అమలు చేయండి. ఛత్తీస్‌గఢ్ నుంచి, మా ఊళ్ల నుంచి వచ్చి పనిచేసే కూలీలకు ప్రమాదం జరిగితే ముకద్దమ్ ఫోన్ ఆఫ్ చేసుకుంటాడు, అప్పుడు ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. 1923 నాటి పరిహార చట్టం నుంచీ పని ఇచ్చిన ప్రధాన యజమాని మీద కూడా ఆ బాధ్యత ఉంది. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్ కూలీల సంక్షేమం కోసమే కోస్తున్నారు కదా, ఆ సంక్షేమ బోర్డులో కూలీ పేరు నమోదు కావాలంటే 90 రోజులు పనిచేసినట్టు సర్టిఫికెట్ కావాలి, అది ఇచ్చేవాళ్లు లేరు. మస్టర్ (హాజరు పట్టీ) మీ దగ్గర ఉంటుంది కాబట్టి ఆ సర్టిఫికెట్ కూలీ చేతికి అందేలా చూడాల్సింది మీరే.

7. మా తాలూకా రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికొచ్చే ఆదివాసీ ప్రాంతం. పంచాయతీ ఖర్చు పెట్టిన నిధులకు గ్రామసభ నుంచి వినియోగ ధ్రువీకరణ తీసుకోవాలని ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం 4(ఎఫ్)లో స్పష్టంగా ఉంది. రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకోవడం గ్రామసభ అవదు. పంచాయతీ పనుల విషయంలో ఆ ధ్రువీకరణ సభలో, పని చూసిన తర్వాతే జరగాలి.

8. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు, మరుగుదొడ్లు, తాగునీరు, ఎన్నో పనులు ఇస్తారు. పుష్కర పనులంటే తేదీ కదలదు కాబట్టి చివరి నెలల్లో రాత్రింబవళ్లు పోసి, టెస్టులు లేకుండా బిల్లులు చేసే ప్రమాదం ఉంది. లక్షల మంది కాలు పెట్టే మెట్లు అవి. టెండర్లు ఇప్పుడే ఇవ్వండి, చివరి వారాలకు నెట్టకండి, పై నిబంధనలన్నీ ఆ పనులకు మొదటి రోజు నుంచే పెట్టండి.

ఇవేవీ చట్టం మార్చాల్సిన కోరికలు కావు, కొత్త నిధులు అడిగేవి కూడా ఒకటో రెండో తప్ప లేవు. చాలావరకు మీ అగ్రిమెంట్లలో, మీ నిబంధనల్లో ఉన్నవే. మీ సంతకం కిందే ఉన్న షరతులు అమలు చేయండి అంటున్నాం.

వానాకాలం మొదలయ్యేలోపు హాస్టల్, రోడ్డు రెండిటికీ జాయింట్ ఇన్‌స్పెక్షన్ తేదీ మాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆసుపత్రి కార్మికుల జీతాలకు అంతవరకు ఆగలేం, వచ్చే 7వ తేదీ లోపు పాత బాకీలతో సహా పడాలి, పడకపోతే లేబర్ ఆఫీసులోనూ పీఎఫ్ ఆఫీసులోనూ ఒక్కొక్కరి పేరు మీద విడివిడిగా ఫిర్యాదులు వేస్తాం, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2(జె) ప్రకారం పౌరులకు పనిని తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు ఉన్నాయి. మీ నుంచి తేదీ రాకపోతే తాలూకాలో గడువు ఇంకా మిగిలి ఉన్న ప్రతి పనికీ ఆ దరఖాస్తు వేస్తాం. ఏ ఊళ్లో ఎవరు వేయాలో కూర్చుని పంచుకున్నాం కూడా.

ఇట్లు,
సిరొంచ తాలూకా గ్రామస్తుల తరఫున,
ఒక పాత సైట్ సూపర్‌వైజర్